రాష్ గార్డ్ కొనేముందు చంక కుట్టు చూడండి

బరంపురం వాళ్ళకి బట్ట చూడడం ఒకరు నేర్పక్కర్లేదు. ఫొడా కుంభ అంచు చీరని రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి పట్టి, పట్టు అసలుదో కాదో చెప్పేవాళ్ళు ఏ నేతవాళ్ళ వీధిలో అడిగినా దొరుకుతారు. అయితే ఆ అలవాటుతోనే రాష్ గార్డ్, అంటే మ్యాట్ మీద పెనుగులాడే ఆటల్లో ఒంటికి అంటుకునేలా వేసుకునే చొక్కా, కొంటే తప్పులో కాలేస్తాం. చీరకి మెరుపు, బరువు, అంచు చూస్తాం. రాష్ గార్డ్‌కి మెరుపుతో పని లేదు, ముందు వేసిన పులి బొమ్మతో అసలే లేదు. దాన్ని తిరగేసి లోపలి వైపు చూడాలి. కుట్టు ఎలా ఉంది, బట్ట ఎంత సాగుతోంది, సాగినది మళ్ళీ యథాస్థితికి వస్తోందా. ఈ మూడూ బాగుంటే బొమ్మ ఎలా ఉన్నా పర్లేదు.

రాష్ గార్డ్ పుట్టింది సముద్రంలో. అలల మీద పలకెక్కి స్వారీ చేసేవాళ్ళకి పొట్ట, రొమ్ము పలకకి ఒరుసుకుని దద్దుర్లు లేచేవి. దానికి అడ్డుగా వేసుకున్న బిర్రు చొక్కా ఇది. తర్వాత నోగీ జుజుత్సు (గీ అనే మందపాటి అంగీ లేకుండా ఆడేది), సబ్మిషన్ గ్రాప్లింగ్ (పట్టుపట్టి లొంగదీసే కుస్తీ), ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన పోరు) సాధన చేసేవాళ్ళు దీన్ని తెచ్చుకున్నారు. మ్యాట్ మీద ఇది చేసే పని చెప్పాలంటే, మోచెయ్యి, భుజం, వీపు దోక్కుపోకుండా కాపాడుతుంది. ఎదుటివాడి చర్మానికీ మన చర్మానికీ మధ్య ఒక పొర వేస్తుంది. చెమటని ఒకచోట నిలవనివ్వకుండా బట్ట అంతటా పరుస్తుంది. అంతవరకే. దెబ్బ ఆపదు, కీలు బెణకకుండా ఆపదు, తామర రాకుండా పూర్తిగా కూడా ఆపదు.

మామూలు కాటన్ టీషర్ట్ ఎందుకు పనికిరాదని కొత్తవాళ్ళందరూ అడుగుతారు. నూలు నీళ్ళు తాగుతుంది. పది నిమిషాలు పెనుగులాడేసరికి తడిసి బరువెక్కి, మెడ దగ్గర జారి, నడుం దగ్గర పైకి లేచిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు వేళ్ళు. వదులు బట్ట మడతలో ఎదుటివాడి వేలు ఇరుక్కుని, అదే క్షణంలో మీరు దొర్లితే బెణికేది వాడి వేలు. ఈత కోసం అమ్మే వదులు రాష్ గార్డ్‌లకీ ఇదే వర్తిస్తుంది. పేరు అదే అయినా పని వేరు.

బట్ట

లోపలి లేబుల్ చదవండి. రెండు రకాలు కనబడతాయి: పాలిస్టర్‌లో స్పాండెక్స్ కలిపినది, నైలాన్‌లో స్పాండెక్స్ కలిపినది. స్పాండెక్స్, ఎలాస్టేన్, లైక్రా అన్నీ ఒకటే పోగు. లైక్రా అనేది దానికి ఒక వ్యాపార పేరు. అందుకని "లైక్రా ఉంది బాబూ, బాగా సాగుద్ది" అని దుకాణదారు అంటే సరిపోదు, ఎంత శాతం ఉందో చూడాలి. 12 నుంచి 20 శాతం మధ్య ఉంటే గ్రాప్లింగ్‌కి బాగుంటుంది. 5, 6 శాతమే ఉన్నది కొత్తలో బిర్రుగానే ఉంటుంది గానీ తొందరగా మోచేతుల దగ్గర, నడుం దగ్గర సంచిలా వేలాడుతుంది. 20 దాటితే ఒళ్ళు బాగా పట్టేస్తుంది, ఉక్కపోత పెరుగుతుంది, ఆరడం ఆలస్యమవుతుంది.

పాలిస్టరా నైలానా అన్న ప్రశ్న మన వాతావరణంలో కాస్త ఆలోచించాల్సినదే. గాలిలోని తేమని పోగు ఎంత పీల్చుకుంటుందో కొలిచే లెక్క ఒకటుంది. ఆ లెక్కలో నూలు సుమారు 8 శాతం, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా లేదు. అంటే పాలిస్టర్ తొందరగా ఆరిపోతుంది. గోపాలపూర్ గాలి ఉప్పుతో, తేమతో జిడ్డుగా వీచే ఊళ్ళో ఇది పెద్ద లాభం. నైలాన్ చేతికి మెత్తగా ఉంటుంది, రాపిడికి ఎక్కువ ఓరుస్తుంది, కానీ వానాకాలంలో ఇంట్లో ఆరేస్తే మర్నాటికీ నడుం పట్టీ చెమ్మగానే ఉంటుంది. పాలిస్టర్ లోపం వాసన. అది నీళ్ళని దగ్గరికి రానివ్వదు గానీ నూనెని పట్టుకుంటుంది. ఒంటి జిడ్డు పోగులకి అంటుకుని, ఉతికాక బాగానే ఉన్నట్టుండి, ఒళ్ళు వేడెక్కగానే పాత కంపు మళ్ళీ లేస్తుంది. ఉతికే పద్ధతితో దీన్ని దారిలో పెట్టొచ్చు. కాబట్టి గంజాం, గజపతి జిల్లాల్లో ఉండేవాళ్ళకి పాలిస్టరే మేలు. కొరాపుట్, రాయగడ కొండల మీద చలి ఉండే చోట, పొడి గాలి నెలల్లో, నైలాన్ హాయిగానే ఉంటుంది.

బట్ట మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 180 నుంచి 250 దాకా ఉన్నవి గ్రాప్లింగ్‌కి వాడతారు. ఏసీ లేని హాల్లో సాధన చేసేవాళ్ళు 190–220 మధ్యది తీసుకోవడం మంచిది. 150 చుట్టూ ఉండేవి క్రికెట్, ఫుట్‌బాల్ వాళ్ళు జెర్సీ లోపల వేసుకునే ఇన్నర్లు. మొదటి నెల అవి వేసుకుని నేర్చుకుంటే తప్పేం లేదు. కాకపోతే చంక దగ్గర పిగిలిపోతాయని తెలిసే కొనండి.

"యాంటీ బ్యాక్టీరియల్" అన్న ముద్ర కోసం అదనంగా డబ్బివ్వకండి. చాలావాటిలో అది పైన అద్దిన పూత, ఉతుకుతూ ఉంటే తగ్గిపోతుంది.

కుట్టు

బట్ట ఎంత మంచిదైనా రాష్ గార్డ్ చచ్చేది కుట్టు దగ్గరే. లోపలివైపుకి తిప్పి భుజం కుట్టు మీద బొటనవేలు జరపండి. వేలికి గట్టులా తగిలితే అది ఓవర్‌లాక్: రెండు అంచులు కలిపి పైనుంచి దారం చుట్టి కుట్టినది. ఆ గట్టు మీద ఎదుటివాడి బరువు పడి, మీ వీపు మ్యాట్‌కి రాసుకుంటే, రాష్ గార్డ్ ఏ ఒరుపునైతే ఆపాలో ఆ ఒరుపు అదే తెస్తుంది. ఫ్లాట్‌లాక్‌లో రెండు ముక్కలూ చదునుగా కలుస్తాయి. పైనా లోపలా దారాలు వెడల్పు పట్టీలా, అడ్డంగా అల్లుకుని కనబడతాయి, వేలికి దాదాపు ఏమీ తగలదు. మంచి వాటికి 4 సూదులు, 6 దారాల మిషను వాడతారు. సాగే బట్టకి ఆ అల్లిక కూడా సాగుతుంది, అందుకే తెగదు.

ఇక చంక. చొక్కా కుట్టించుకున్న వాళ్ళందరికీ తెలుసు, చంకలో ముందు ముక్క, వెనక ముక్క, చెయ్యి అన్నీ ఒకే బిందువులో కలుస్తాయి. గ్రాప్లింగ్‌లో చేతులు తలమీదికి, వెనక్కి, అడ్డంగా లాగుతూనే ఉంటారు గనక లాగుడంతా ఆ బిందువు మీదే పడుతుంది. బాగా ఆలోచించి చేసిన రాష్ గార్డ్‌లో అక్కడ ఒక వేరే ముక్క, గాలిపటం ఆకారంలోనో పొడుగాటి పట్టీలానో వేస్తారు. కుట్లు చంకలో కలవకుండా పక్కకి జరుగుతాయి. ఆ ముక్క ఉందా లేదా అన్నది ఫోటోలోనే తెలుస్తుంది, చేతులు ఎత్తిన ఫోటో పెట్టి ఉంటే. చేతులు దించిన ఫోటోలే పెట్టిన చోట కాస్త అనుమానించండి. భుజం మీద నుంచి నేరుగా వెళ్ళే కుట్టు కన్నా, మెడ నుంచి చంకకి ఏటవాలుగా దిగే కుట్టు కూడా మేలే. భుజం నేలకి ఆనినప్పుడు కుట్టు మీద బరువు పడదు.

పరీక్ష చేసే తీరు ఇది. చంక కుట్టుకి అటూ ఇటూ కుట్టు పొడవునా పది సెంటీమీటర్ల దూరంలో రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఒక్కసారి లాగండి. "టిక్" మని వినిపిస్తే దారం తెగింది. అది కొన్న రోజే తెగితే రెండో వారానికి మిగలదు. చప్పుడు లేకపోయినా లాగి ఉంచి వెలుతురుకి పట్టండి. సూది రంధ్రాలు చుక్కల్లా వెడల్పవుతుంటే బట్ట పలచనిది, లేదా సూది లావుది. నడుం అంచుకీ, ముంజేతి అంచుకీ ఇదే చెయ్యండి.

ఇక్కడొక మాట. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదకి వెళ్ళినవాళ్ళు చాలామంది, కాబట్టి "మావాడు బట్ట పంపుతాడు, ఇక్కడ టైలర్‌తో కుట్టించుకుందాం" అన్న ఆలోచన వస్తుంది. ముందు బట్ట చూసుకోండి: మగ్గం మీద పడుగూ పేకగా నేసిన బట్ట దీనికి పనికిరాదు, ఉచ్చుల్లా అల్లిన బట్ట, స్పాండెక్స్ కలిపినది, నాలుగు వైపులా సాగేది కావాలి. అది దొరికినా ఫ్లాట్‌లాక్ మిషను ఉన్న టైలర్ కావాలి. మామూలు మిషను మీద ఒంటి సూది నేరు కుట్టు వేస్తే, బట్ట సాగుతుంది, దారం సాగదు, మొదటి సాధనలోనే పటపటమంటుంది. టైలర్ తప్పు కాదది.

సాగి వెనక్కి రావడం

ఇంటికి వచ్చిన ప్యాకెట్ విప్పి, ట్యాగ్ తెంపకుండానే చెయ్యగల పరీక్ష ఒకటుంది. పెన్నుతో గీయకండి, తిప్పి పంపడానికి వీలవదు. వీపు మధ్యలో రెండు చిన్న కాగితం టేపు ముక్కలు సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో అంటించండి. స్కేలు పక్కన పెట్టి, రెండింటి మధ్య దూరం 15 అయ్యేదాకా లాగి, 30 సెకన్లు అలాగే పట్టుకోండి. వదిలేసి ఒక నిమిషం ఆగి మళ్ళీ కొలవండి. 10కి వచ్చేస్తే బట్ట గట్టిది. పదిన్నర దగ్గర ఆగిపోతే స్పాండెక్స్ తక్కువ, లేదా నాసిరకం. అడ్డంగా ఒకసారి, నిలువునా ఒకసారి చెయ్యండి. చౌకవి అడ్డంగానే సాగుతాయి, నిలువునా కర్రలా ఉంటాయి. వంగినప్పుడు నడుం బయటపడేది అందుకే.

అలా లాగి ఉంచినప్పుడే రంగు కూడా చూడండి. నల్ల బట్ట సాగినచోట బూడిద రంగులోకి, తెల్లగా తేలితే, తెల్ల బట్ట మీద పైన ముద్ర వేసినదని అర్థం. వాడకానికి అడ్డు కాదు, కానీ ఒంటి మీద బిర్రుగా ఉన్నప్పుడు అది అలాగే కనబడుతుంది. నలుపే కావాలంటే బట్టకే రంగు వేసినది అడగండి. బొమ్మల విషయానికొస్తే, సబ్లిమేషన్ ముద్రలో రంగు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గరి వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి చొచ్చుకుపోతుంది. వేలితో తడిమితే బొమ్మకీ బట్టకీ తేడా తెలియదు, పగలదు, రాలదు. పైన రబ్బరు ముద్రలా అంటించినదైతే చేతికి తగులుతుంది. అక్కడ బట్ట సాగదు, చెమట పోదు, ఉతుకుతుంటే పెచ్చులూడుతుంది.

చివరగా లోపలివైపు ఒక నీటి బొట్టు వెయ్యండి. కొన్ని సెకన్లలో పరుచుకుంటే చెమట తీసుకుంటుంది. ముత్యంలా నిలబడితే పైన ఏదో పూత ఉంది. ఒకసారి ఉతికాక కూడా అలాగే నిలబడితే మన ఎండలకి అది వద్దు.

కొలత

రొమ్ము కొలత చంకల కింద నుంచి, టేపు బిగించకుండా, వదిలేయకుండా తీసుకోండి. నడుం బొడ్డు దగ్గర. పొడవు మెడ వెనక ఎముక నుంచి తుంటి దాకా. ఇప్పుడు సైజు పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, చొక్కా కొలతా అని చూడండి. ఎక్కువ తప్పులు ఇక్కడే. చొక్కా కొలతైతే అది మీ ఒంటి కన్నా 5–10 శాతం తక్కువ ఉండాలి. ఉదాహరణకి మీ రొమ్ము 96 సెంటీమీటర్లయితే, రాష్ గార్డ్‌ని పరుపు మీద చదునుగా పరిచి చంక నుంచి చంకకి కొలిస్తే 43–45 రావాలి. 48 వస్తే మీకది టీషర్ట్. సైజు అక్షరాన్ని నమ్మకండి, ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎం అవుతుంది.

వేసుకున్నాక అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏమీ తేలదు. రెండు చేతులూ పైకెత్తండి. పూర్తిగా కిందికి కూర్చోండి. వెల్లకిలా పడుకుని పాదాలూ భుజాలూ ఆనించి తుంటి పైకి లేపండి. అప్పటికి అంచు షార్ట్స్ నడుం మీదే ఉండాలి. పైకి పాకితే పొడవు చాలదు, లేదా అంచు లోపల పట్టే సిలికాన్ గీత లేదు. పక్కటెముకల దగ్గర బట్టని చిటికెతో పట్టి లాగండి. చర్మం కూడా కాస్త వస్తే సరి, బట్ట ఒక్కటే రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే వదులు. మరీ బిర్రుదీ తప్పే: లోతుగా ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము పట్టేసినట్టున్నా, పది నిమిషాలకి ముంజేతులు తిమ్మిరెక్కినా, చంకలో ఎర్రటి గీతలు పడి పోకపోయినా ఒక సైజు పెంచండి. కాలర్ రెండు మూడు సెంటీమీటర్లుంటే చాలు. గొంతు దాకా లేచే కాలర్ మే నెలలో నరకం. పెరిగే పిల్లలకి ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనకుంది, స్కూల్ చొక్కా విషయంలో బాగుంటుంది, ఇక్కడ వద్దు.

పొడుగు చేతులా పొట్టి చేతులా అంటే మ్యాట్‌ని బట్టి. ముక్కలు కలిపే నురుగు మ్యాట్ మీద మోచెయ్యి బాగా దోక్కుపోతుంది. అక్కడ, కింద పడుకుని ఆడేవాళ్ళకి, పొడుగు చేతులే. ఎండాకాలంలో నిలబడి చేసే సాధన ఎక్కువుంటే పొట్టి చేతులు చాలు. జేబు, జిప్పు, బొత్తాం ఉన్నది ఏదీ మ్యాట్ మీదికి రాకూడదు.

పోటీకి వెళ్ళే ఉద్దేశం ఉంటే రంగు ముందే ఆలోచించండి. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జుజుత్సు సమాఖ్య) నోగీ నిబంధనల్లో రాష్ గార్డ్ ఒంటికి అంటుకునేలా, షార్ట్స్ నడుం దాకా కప్పేలా ఉండాలి. రంగు నలుపు, తెలుపు, లేదా రెండూ కలిసినది, అందులో కనీసం 10 శాతం మీ స్థాయిని చెప్పే బెల్టు రంగు. పూర్తిగా బెల్టు రంగుదీ చెల్లుతుంది. అంటే నీలం బెల్టు వాళ్ళు ఎర్రటి పులి రాష్ గార్డ్ జిమ్‌లోనే వేసుకోవాలి. జూడోలో కథ వేరు: మగవాళ్ళు పోటీలో జూడోగీ (జూడో అంగీ) కింద చొక్కా వేసుకోరు, ఆడవాళ్ళు సాదా తెల్లది వేసుకోవాలి.

ఎన్ని, ఎక్కడ

వారానికి మూడు రోజులు సాధన చేసేవాళ్ళకి రెండు కావాలి. ఒక్క ఖరీదైనది కన్నా మధ్యరకం రెండు నయం. జులై నుంచి సెప్టెంబరు దాకా తడి ఆరని వారాల్లో ఈ మాట విలువ తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే, డబ్బు కట్టేముందు మీ పిన్‌కోడ్‌కి తిప్పి పంపే సదుపాయం ఉందో లేదో చూసుకోండి. పర్లాకిమిడి, గుణుపురం లాంటి చోట్లకి తెచ్చి ఇవ్వడం ఉండి, తిరిగి తీసుకెళ్ళడం లేకపోతే, సైజు తప్పినది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఉతకడం, ఆరేయడం

సాధన అవగానే సంచిలో ముద్దచేసి పడేసి రాత్రి దాకా మర్చిపోవడం వల్ల పాడైనన్ని రాష్ గార్డ్‌లు ఇంక దేనివల్లా పాడవవు. ఇంటికి రాగానే తిరగేసి మామూలు నీళ్ళలో జాడించండి. గోపాలపూర్ ఇసకలో సాధన చేసి వస్తే, సబ్బు పెట్టకముందే ఇసకంతా పోయేలా జాడించాలి, లేకపోతే అల్లికలో ఇరుక్కున్న రేణువులు మీ చర్మాన్నీ పోగునీ గీకుతాయి. తర్వాత చల్లని నీళ్ళలో కొద్దిగా ద్రవ సబ్బు. పొడి వేస్తే పూర్తిగా కరిగాకే ముంచండి. బ్రష్ పెట్టకండి, బండకి కొట్టకండి. బట్టలు మెత్తబడే ద్రవం అసలు వద్దు, అది పోగుకి పూత పూసి చెమటని పరుచుకోనివ్వదు, కంపుని లోపల బంధిస్తుంది. బ్లీచ్ స్పాండెక్స్‌ని తినేస్తుంది.

కంపు పట్టేసిందా? 4 లీటర్ల నీళ్ళకి 250 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, తర్వాత మామూలుగా ఉతకండి. వెనిగర్‌నీ బ్లీచ్‌నీ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రమాదం.

పిండేటప్పుడు మెలి తిప్పకూడదు. గాముఛా (నూలు తువ్వాలు) పరిచి, దాని మీద రాష్ గార్డ్ పెట్టి, చాపలా చుట్టి, పైన చేత్తో అదమండి. నూలు నీళ్ళు తాగేస్తుంది, మెలి పెట్టిన పని లేకుండా సగం ఆరినట్టే. నీడలో, గాలి తగిలే చోట, లోపలివైపు పైకి ఉండేలా వెయ్యండి. వానాకాలంలో ఫ్యాన్ కింద. డ్రయ్యర్ వేడి, ఇస్త్రీ, మధ్యాహ్నపు ఎండ మూడూ సాగే గుణాన్ని చంపుతాయి. ఎంఎంఏ చేతి తొడుగుల వెల్‌క్రోని మూసి వేరే సంచిలో పెట్టండి. దాని ముళ్ళు తగిలిన చోటల్లా పోగులు లేచి ఉండలు కడతాయి. రాష్ గార్డ్ మీద చిన్న చిన్న ముడులు కనబడితే తొంభై పాళ్ళు వెల్‌క్రో పనే.

ప్రతి సాధనకీ ఉతికినది వేసుకుని, అయ్యాక వెంటనే స్నానం చేసినా, ఒక్కోసారి తామర వస్తుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా మచ్చ కనబడితే మ్యాట్ మానేసి డాక్టర్‌కి చూపించండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే క్రీము గొట్టం మీద క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి పేర్లుంటే అందులో స్టెరాయిడ్ ఉంది. దురద రెండు రోజుల్లో తగ్గినట్టు చేసి, తామరని లోలోపల పెంచి, మొండిగా మారుస్తుంది. రాష్ గార్డ్ కప్పేస్తోంది కదా అని మచ్చతో మ్యాట్ ఎక్కడం పక్కవాళ్ళకి చేసే అన్యాయం.

ఎప్పుడు తీసేయాలి? చంకలో కుట్టు విడితే ఒకసారి కుట్టించుకోవచ్చు, ఫ్లాట్‌లాక్ మిషను దొరికితే. మోచేతుల దగ్గర వెలుతురుకి పడితే అవతలి మనిషి కనబడుతున్నా, తడిసినప్పుడు తెల్లటి సన్నని రబ్బరు పోగులు బయటికి పొడుచుకొస్తున్నా దాని పని అయిపోయింది. మ్యాట్ తుడవడానికి ఉంచుదామనుకుంటారు, దానికీ పనికిరాదు: పాలిస్టర్ నీళ్ళు పీల్చదు, తడిని అటూ ఇటూ తోస్తుందంతే. ఆ పనికి పాత గాముఛా ఉంచండి.